చిక్కుడుకు అక్టోబరు గండం

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పెరటి తోట వేసుకునే తెలుగు కుటుంబాలు మార్చి నెల రాగానే ఒక తేదీ గురించి ఆరా తీస్తాయి. చలికాలం వెళ్తూ వెళ్తూ చివరిసారి ఫ్రాస్ట్ (గడ్డకట్టే చలి) పడే తేదీ అది. మధ్య న్యూజెర్సీకి అది ఏప్రిల్ రెండో సగంలో వస్తుంది, డాలస్‌కు మార్చి మధ్యలోనే. ఆ రోజు దాటిందంటే గోంగూర, బెండ, బీర, చిక్కుడు గింజలు నేలలో పెట్టేయవచ్చని చాలామంది నమ్మకం. ఆ నమ్మకంతో నాటినవాళ్లలో కొందరికి మే నెలలో నల్లబడిన మొలకలు మిగులుతాయి. ఇంకొందరికి పందిరి నిండా తీగ అల్లుకుంటుంది గానీ అక్టోబరు దాకా ఒక్క కాయ రాదు. ఈ రెండు నష్టాలూ ఒకే పొరపాటు నుంచి పుడుతున్నాయి. ఫ్రాస్ట్ తేదీ ఒక అంచనా అయితే దాన్ని ఖాయమైన రోజుగా చదువుతున్నాం. పైగా ఏడాదికి అలాంటి తేదీలు రెండుంటే వసంతంలోది మాత్రమే చూస్తున్నాం. ఉష్ణమండలం నుంచి వెళ్లిన మన కూరగాయల్లో కొన్నింటికి అసలు గండం శరదృతువులో వచ్చే రెండో తేదీయే. వాటి ప్రణాళికను ఏప్రిల్ నుంచి ముందుకు కాకుండా అక్టోబరు నుంచి వెనక్కి లెక్కించి వేయాలి.

ముందు ఆ తేదీ ఎలా తయారవుతుందో చూడాలి. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా ఒక్కో కేంద్రంలో 30 ఏళ్ల కనిష్ఠ ఉష్ణోగ్రతలను తీసుకుని, ఏటా వసంతంలో చివరిసారిగా 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సున్నా సెల్సియస్‌కు దిగిన రోజేదో గుర్తిస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 1991 నుంచి 2020 వరకు ఉన్న లెక్కలు. ముప్పై ఏళ్లకు వచ్చే ఆ ముప్పై రోజులు వారాల తరబడి చెదిరి ఉంటాయి. వాటికి రమారమి మధ్యన పడే రోజే మనం వినే ‘చివరి ఫ్రాస్ట్ తేదీ’. అంటే ఇది 50 శాతం తేదీ, సగం సంవత్సరాల్లో ఆ రోజు తర్వాత కూడా ఫ్రాస్ట్ పడింది. నోవా పట్టికలో దాని పక్కనే 10 శాతం తేదీ కూడా ఉంటుంది. ఆ రోజు దాటాక ఫ్రాస్ట్ పడే అవకాశం పదేళ్లలో ఒక్క ఏడాదికే పరిమితం. ఈ రెండు తేదీలకూ మధ్య చాలా చోట్ల పది రోజుల నుంచి రెండు వారాల ఎడం ఉంటుంది. కేరళకు నైరుతి రుతుపవనాలు జూన్ 1న వస్తాయని భారత వాతావరణ శాఖ చెబితే అది వారం అటూ ఇటూ కావచ్చని మన రైతుకు తెలుసు. ఆ తేదీని చూసి ఎవరూ పొడి దుక్కిలో పత్తి గింజ వేసి నిశ్చింతగా కూర్చోరు. తొలకరి పడి, నేల పదునెక్కాకే విత్తుతారు. ఫ్రాస్ట్ తేదీ దగ్గరా అదే జాగ్రత్త పనికొస్తుంది. లంబసింగి లాంటి చోట ఏ జనవరి తెల్లవారుజామునో తప్ప మనకు గడ్డకట్టే చలి తెలియదు కనుక, రోహిణి, మృగశిర కార్తెల లెక్కల్లో దాని ప్రస్తావనే లేదు. అంతమాత్రాన ఆ లెక్క వెనకున్న వివేకం పరాయిది కాదు.

ఈ అంచనాలో ఇంకో చిక్కు ఉంది. వాతావరణ కేంద్రంలో థర్మామీటరు నేలకు సుమారు అయిదడుగుల ఎత్తున, గాలి ఆడే పెట్టెలో ఉంటుంది. మొలక మాత్రం నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేలా ఆకులూ తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ, పైనున్న గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడతాయి. అందువల్ల కేంద్రంలో 36 ఫారెన్‌హీట్ నమోదైన రాత్రి కూడా వంకాయ నారు మీద తెల్లటి పొడి కనిపించవచ్చు. చల్లగాలి బరువైనది కనుక వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. ఒకే వీధిలో దిబ్బ మీది ఇంటికీ, వాగు పక్కన ఇంటికీ ఫ్రాస్ట్ వేర్వేరు రాత్రుల్లో పడటానికి కారణం ఇదే. దక్షిణానికి తిరిగిన ఇటుక గోడ పగటి ఎండను దాచుకుని రాత్రికి విడుదల చేస్తుంది. నగరం నడిబొడ్డు శివారు కంటే వెచ్చగా ఉంటుంది. కనుక విమానాశ్రయంలో కొలిచిన తేదీని సొంత పెరడుకు తగ్గట్టు సవరించుకోవాలి. కనిష్ఠ గరిష్ఠాలను గుర్తుపెట్టుకునే చవక థర్మామీటరును మొక్కల ఎత్తులో కట్టి, రెండు మూడు వసంతాలు రాసుకుంటే ఆ సవరణ ఎంతో తెలిసిపోతుంది.

చలి మొక్కను చంపే తీరు తెలిస్తే, ఏ కూరకు ఏ తేదీ వర్తిస్తుందో కూడా తేలుతుంది. గడ్డకట్టడం మొదట కణాల లోపల కాదు, కణాల నడుమ ఖాళీల్లో మొదలవుతుంది. అక్కడ ఏర్పడిన మంచు స్ఫటికం కణంలోని నీటిని బయటికి లాగుతుంది. మొక్క ఒక రకంగా దప్పికతోనే చస్తుంది. మలినం లేని చిన్న నీటి బిందువు సున్నా సెల్సియస్ కంటే చాలా కిందికి పోయినా గడ్డకట్టదు. గడ్డకట్టడానికి దానికి ఒక ఆసరా కావాలి. ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా అలాంటి ఆసరాను ఇస్తుంది.   పాలకూర, క్యాబేజీ లాంటి శీతల దేశపు మొక్కలు చలి పెరిగేకొద్దీ కణాల్లో చక్కెరలు కూడబెట్టుకుని ఈ ఎండిపోవడాన్ని తట్టుకుంటాయి. అక్టోబరు ఫ్రాస్ట్ తగిలాక కేల్ ఆకు తియ్యబడేది అందుకే.

బెండ, బీర, గోంగూర, వంగలకు ఆ విద్య రాదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, వాటికి హాని చేయడానికి ఫ్రాస్ట్ దాకా పోనక్కర్లేదు. 50 ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్ చుట్టుపక్కలే వాటి కణపొరల్లోని కొవ్వు పదార్థాలు బిగుసుకుపోతాయి. వేళ్లు నీరు తీసుకోలేవు, ఆకులు పాలిపోతాయి. మొక్క బతికినా చాలా రోజులపాటు ముందుకు కదలదు. బెండ గింజ మొలకెత్తడానికి నేల కనీసం 60 ఫారెన్‌హీట్ ఉండాలి, దానికి నచ్చేది 95. చల్లటి తడి నేలలో పడిన గింజ మొలవక ముందే కుళ్లుతుంది. ఏప్రిల్ చివర న్యూజెర్సీలో పగలు చొక్కాతో తిరగగలిగినంత వెచ్చగా ఉన్నా నేల ఇంకా ఆ వేడికి రాదు. కాబట్టి ఈ మొక్కలకు చివరి ఫ్రాస్ట్ తేదీ అనుమతి పత్రం కాదు. అప్పుడు చూడాల్సింది నేల వేడిని. రెండంగుళాల లోతున థర్మామీటరు గుచ్చి, వరసగా కొన్ని రోజులు పొద్దున్నే 65 దాటుతోందా అని చూడాలి. పదును చూసి విత్తడమంటే అక్కడ ఇదే.

అలాగైతే అన్నిటినీ రెండు మూడు వారాలు ఆలస్యంగా వేసుకుంటే సరిపోదా అని అడగవచ్చు. న్యూజెర్సీలో బెండకు ఆ సలహా బాగానే పనికొస్తుంది. మే చివర వేసిన గింజ మే మొదట్లో వేసినదాన్ని త్వరలోనే అందుకుంటుంది. కానీ అదే జాగ్రత్త కొత్తిమీరను పాడు చేస్తుంది. వేడి పెరిగి, పొద్దు పొడుగయ్యేసరికి కొత్తిమీర ఆకు మానేసి పువ్వుకు పోతుంది. దాన్ని ఫ్రాస్ట్ తేదీకి నెల ముందే, చలి ఇంకా ఉండగానే చల్లుకోవాలి. మెంతికూర, ముల్లంగి, బఠాణీలదీ అదే కథ. డాలస్‌కు వెళ్తే లెక్క మరీ తారుమారవుతుంది. టమాటకు రాత్రులు 55 ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉన్నా, 75కు తగ్గనంత వేడిగా ఉన్నా పిందె సరిగా నిలవదు. డాలస్‌లో మార్చి మధ్యన ఫ్రాస్ట్ భయం తగ్గడం మొదలవుతుంది, జూన్ చివరికల్లా వేడి రాత్రులు వచ్చేస్తాయి. టమాటకు దొరికేది సుమారు వంద రోజుల గడువు. పదేళ్లలో ఒక్కసారే ఫ్రాస్ట్ పడే తేదీ దాకా అక్కడ ఆగినవాళ్లు ఆ గడువులో పెద్ద ముక్కనే కోల్పోతారు. కనుక డాలస్ తోటమాలి 50 శాతం తేదీకే నారు నాటి, దుప్పటి సిద్ధంగా పెట్టుకోవడం సబబు. న్యూజెర్సీ తోటమాలి 10 శాతం తేదీ దాకా ఆగడం సబబు. ఎంత ప్రమాదానికి సిద్ధపడాలనేది, ఆగితే పోయేదెంత, తొందరపడితే పోయేదెంత అన్న బేరీజుతోనే తేలుతుంది. ఆ బేరీజు ఊరిని బట్టీ మారుతుంది, కూరను బట్టీ మారుతుంది. అందరికీ ఒకే తేదీ చెప్పే సలహాల మీద నా అభ్యంతరం అదే.

ఇక్కడ చాలామంది అమెరికా వ్యవసాయ శాఖ వారి హార్డినెస్ జోన్ పటాన్ని ముందుకు తెస్తారు. మా ఊరు 7వ జోన్, మీది 9వ జోన్ అని పోల్చుకుంటారు. 2023లో కొత్తగా వెలువడిన ఆ పటం చెప్పేది ఒక్కటే, చలికాలంలో ఏడాది మొత్తం మీద అతి చల్లని రాత్రి సగటున ఎంత చల్లగా ఉంటుందో. మామిడో దానిమ్మో చలికాలం గట్టెక్కుతుందా లేదా తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. ఏటా విత్తి ఏటా పీకేసే కూరగాయలకు అది దాదాపు ఏమీ చెప్పదు. సియాటిల్, ఆస్టిన్ నగరాలు ఆ పటంలో ఇంచుమించు ఒకే జోన్‌లో కనిపిస్తాయి. జులైలో ఆస్టిన్ పగళ్లు 36 సెల్సియస్ దాటుతాయి. సియాటిల్ రాత్రులు అప్పుడు కూడా 14 దగ్గరే ఉంటాయి. ఆస్టిన్‌లో చేయి తిరిగిన బెండ రైతు సియాటిల్‌కు మకాం మార్చి, జోన్ ఒకటే కదా అని అదే పద్ధతిలో వేస్తే మిగిలేది నిరాశే.

భూమి వేడెక్కుతోంది కదా, ఈ తేదీల్ని ఇంకా పట్టుకుని వేలాడాలా అనేది ఇంకో ఆక్షేపణ. దీన్ని తోసిపుచ్చలేం. ఇరవయ్యో శతాబ్దం మొదటితో పోలిస్తే అమెరికా ప్రధాన భూభాగంలో పంటకు అనువైన కాలం సగటున రెండు వారాలకు పైగా పెరిగింది. అయితే సగటు ముందుకు జరిగినంత మాత్రాన చెదిరే గుణం పోదు. పైపెచ్చు ముందుగా వచ్చిన వెచ్చదనం మొక్కల్ని ముందుగా లేపుతుంది. ఆ తర్వాత మామూలు వేళకే వచ్చిన చలి కూడా వాటికి ప్రాణాంతకమవుతుంది. 2007 మార్చి వెచ్చగా గడిచాక ఏప్రిల్ మొదటి పది రోజుల్లో కొట్టిన చలి, అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల్లో గోధుమను, పండ్ల తోటల్ని దెబ్బతీసింది. నష్టం 200 కోట్ల డాలర్లు దాటింది. 2012లో మిషిగన్ పుల్ల చెర్రీ పంట 90 శాతం దాకా పోయింది, ఆ మార్చి రికార్డులు మించి వెచ్చగా ఉన్నందుకే. 2020 మే 9న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మంచు రేణువులు రాలాయి. మరునాడు మదర్స్ డే. అమెరికాలో ఆ పక్క చాలామంది నారు నాటుకోవడానికి ఆనవాయితీగా ఎంచుకునే రోజు అది. ఇంత జరిగినా ఆ ఆనవాయితీ పూర్తిగా తప్పని నేననను. ఐరోపాలో మే 11 నుంచి 15 దాకా వచ్చే ‘హిమ సన్యాసుల’ రోజులు దాటేవరకు సుకుమారమైన మొక్కల్ని బయట పెట్టరు. తరతరాల అనుభవం 10 శాతం తేదీని లెక్కలు లేకుండానే పట్టుకున్న తీరు అది. కానీ అది ఆ నేలకు పుట్టిన జ్ఞానం. మరో ఊరికి అలాగే మోసుకుపోతే చెల్లదు.

పది రోజుల వాతావరణ సూచన ఫోన్లోనే ఉండగా పాత సగటులు ఎందుకన్నవారికి నా జవాబు ఇది. సూచన ఈ రాత్రి దుప్పటి కప్పాలా వద్దా చెబుతుంది. వంగ నారు ఇంట్లో ఎప్పుడు పోసుకోవాలో చెప్పదు. ఆ నిర్ణయం ఎనిమిది వారాల ముందు తీసుకోవాలి, అంత ముందు చూపు ఏ సూచనకూ లేదు. తేదీ ప్రణాళికకు, సూచన కాపలాకు. కాపలాకు వాడే పల్చటి రో కవర్ గుడ్డ రెండు నుంచి నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీల రక్షణ ఇస్తుంది. దాన్ని చీకటి పడకముందే నేలను తాకేలా కప్పాలి, ఎందుకంటే అది మొక్కకు కొత్తగా వేడినివ్వదు, నేల వదిలే వేడిని పోకుండా ఆపుతుంది. ముందు రోజు నీరు పెట్టిన నేల పొడి నేల కంటే ఎక్కువ వేడిని దాచుకుంటుంది. ఇవన్నీ కలిసి ఒకటి రెండు చెడ్డ రాత్రుల్ని దాటిస్తాయి. పది రోజుల చల్లటి నేలను మాత్రం దాటించలేవు.

ఇక అక్టోబరు సంగతి. న్యూజెర్సీలో ఆశపడి వేసిన పందిరి చిక్కుడు కాయకుండానే మంచుకు వాడిపోతే, ఆలస్యంగా వేశాం, వచ్చే ఏడు మార్చిలోనే ఇంట్లో మొలకెత్తిద్దాం అనుకుంటారు. అలా చేస్తే తీగ ఇంకా పొడుగవుతుంది, కాయ ముందుకు రాదు. మన సంప్రదాయ చిక్కుడు రకాలు పూతకు రావాలంటే పొద్దు తగ్గాలి. అవి కొలిచేది రాత్రి నిడివిని, తమ వయసును కాదు. హైదరాబాదులో ఏడాదిలోకెల్లా పొడుగైన పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. న్యూజెర్సీలో జూన్ పగలు 15 గంటలు దాటుతుంది. అది తగ్గి తగ్గి హైదరాబాదు గరిష్ఠానికి దిగేది ఆగస్టు చివరికి. పగలు 12 గంటలకు వచ్చేది సెప్టెంబరు చివరి వారంలో. అప్పుడు పూత మొదలైతే కాయ పట్టి ముదరడానికి ఇంకా వారాలు కావాలి, అక్టోబరు రెండో సగంలో ఫ్రాస్ట్ కాచుకుని ఉంటుంది. ఏప్రిల్‌లో ఎంత తొందరపడినా ఈ చివరి లెక్క మారదు. మార్చగలిగేది రకాన్నే. పొద్దు నిడివితో పని లేకుండా పూసే పొట్టి చిక్కుడు రకాలు ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా జయ్, అర్కా విజయ్ అలాంటివే. బీరకాయలో ఈ సమస్య కొంత మెత్తగా కనిపిస్తుంది. పొడుగు పగళ్లలో మగపూలు విరివిగా వచ్చి, ఆడపూలు ఆలస్యమవుతాయి. వంగ, మిరప, టమాటలకు పొద్దుతో పెద్దగా పేచీ లేదు కనుక, వాటికి ఇంట్లో ముందుగా నారు పోయడం నిజంగా లాభిస్తుంది. తోట ప్రణాళికలో మొదట వేయాల్సిన గీత ఈ రెండు గుంపుల మధ్యన.

గోంగూర దగ్గరికొస్తే ఇదే గుణం వరమవుతుంది. తెలంగాణలో పుంటికూర అని పిలుచుకునే ఈ మొక్కా పొద్దు తగ్గితేనే పూస్తుంది. మనకు కావలసింది ఆకు కనుక, పొడుగు పగళ్లలో పూత ఊసెత్తకుండా ఆకు మీద ఆకు వేయడం మంచిదే. దానికి అక్టోబరు తేదీ కోతకు ఆఖరి గడువు మాత్రమే. తొలి ఫ్రాస్ట్ హెచ్చరిక రాగానే మొదలు దాకా కోసుకుని పచ్చడి పెట్టుకోవాలి, మర్నాటికి ఆ ఆకు పనికిరాదు. అదే వారంలో టమాటలు పచ్చివైనా సరే కోసి ఇంట్లో పెట్టాలి.

శీతల దేశపు కూరలకూ వెనక్కి లెక్కించే పద్ధతే వర్తిస్తుంది, కొంచెం సవరణతో. ప్యాకెట్ మీద రాసిన పంటకాలం వసంతంలో పొడుగవుతున్న పొద్దుకు వేసిన లెక్క. ఆగస్టు తర్వాత పొద్దు తగ్గుతుంది, ఎండ ఏటవాలవుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. అందుకని ఆ రోజులకు మరో రెండు వారాలు కలుపుకోవాలి. పగలు పది గంటలకు తగ్గాక ఎదుగుదల దాదాపు ఆగిపోతుందని, మెయిన్ రాష్ట్రంలో చలికాలపు సాగు చేసి చూపిన ఎలియట్ కోల్‌మన్ తన పుస్తకాల్లో వివరించారు. న్యూజెర్సీలో ఆ కాలం నవంబరు మధ్య నుంచి జనవరి చివరి వారం దాకా ఉంటుంది. ఆలోపు పాలకూర ముప్పాతిక వంతు ఎదిగి ఉంటే, గుడ్డ కింద చలికాలమంతా కోసుకోవచ్చు. ముల్లంగి, మెంతికూర, కొత్తిమీరలకు వసంతం కంటే ఈ శరత్తే నప్పుతుంది, ఎందుకంటే ఇప్పుడు వాటిని పువ్వుకు తరిమే పొడుగు పొద్దు లేదు. మన పెరటి తోటలు ఆగస్టు రెండో సగాన్ని పట్టించుకోకుండా వదిలేయడం చూస్తే బాధనిపిస్తుంది. ఏడాదిలో రెండో విత్తుకు అదే సరైన అదను.

విత్తనం దాచుకునేవారికి ఈ రెండో తేదీ మరింత కఠినంగా ఉంటుంది. గోంగూర న్యూజెర్సీలో పూసేసరికే ఫ్రాస్ట్ వస్తుంది కనుక గింజ ముదరదు. దాని విత్తనం ఏటా బయటి నుంచే రావాలి. చిక్కుడు విషయంలో ఒక దారి ఉంది. పది మొక్కల వరసలో ఒకటి మిగతావాటి కంటే వారం ముందు పూస్తే, దాని కాయల్ని కూరకు కోయకుండా ముదరనిచ్చి, ఆ గింజనే మరుసటి ఏడు వేయాలి. దక్షిణ మెక్సికోలో 9,000 ఏళ్ల కిందట సాగుకు వచ్చిన మొక్కజొన్న కూడా మొదట్లో పొద్దు తగ్గితేనే పూసే పంట. తొందరగా పూసిన మొక్కల గింజను ఏరుకుంటూ పోయిన ఆదివాసీ రైతుల చేతుల్లో అది కెనడా సరిహద్దు దాకా చేరింది. దానికి వేల ఏళ్లు పట్టింది. పెరట్లో పది పాదుల చిక్కుడుతో అంత దూరం పోలేకపోవచ్చు గానీ, మధ్య న్యూజెర్సీలో పూత పది రోజులు ముందుకు జరిగితే చాలు, ఫ్రాస్ట్ రాకముందే రెండు మూడు కోతలు చేతికొస్తాయి.